బోనులో చిట్టెలుక

పొద్దున్నే వంటింట్లోంచి అమ్మ కేక. మూడు రోజులుగా బియ్యం సంచి కొరుకుతున్న చిట్టెలుక ఎట్టకేలకు బోనులో పడింది. టమాటా ముక్కకి, కొబ్బరి ముక్కకి లొంగనిది పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన ఎండు నెత్తళ్ళకి లొంగింది. విశాఖ ఎలుక మరి!

ఊచల సందుల్లోంచి మీసాలు బయటపెట్టి క్షణం ఆపకుండా ఆడిస్తోంది. టీ చల్లారేదాకా అదే చూస్తూ కూర్చున్నాను. ఇవాళ క్లాసులో చెప్పాల్సిందీ ఎలుకల గురించే.

ఇంతలో తమ్ముడు, గేటుకి అడ్డంగా బండి పెట్టారని కింద వాటావాళ్ళతో గొడవ పెట్టుకుని పైకొచ్చాడు. "అచ్చం మీ తాతయ్యే. ఆ కోపం రక్తంలోనే ఉంది" అంది అమ్మ.

క్లాసు ఆ మాటతోనే మొదలుపెట్టాను. మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాల్ని విచ్ఛిన్నం చేసే ఎంజైము ఒకటుంది, మోనో అమైన్ ఆక్సిడేజ్-ఎ. ఇంటర్‌ఫెరాన్ అని, వైరస్‌లతో పోరాడే ప్రోటీను ఒకటి. దాని జన్యువు ఎక్కించిన ఎలుకల్ని తయారుచేస్తుంటే, ఆ జన్యువు పోయి పోయి ఈ ఎంజైము జన్యువులో పడి దాన్ని పాడుచేసింది. అనుకోకుండా జరిగిందే! ఆ ఎలుక పిల్లల మెదడులో సెరటోనిన్ మామూలుకంటే 9 రెట్ల దాకా పెరిగింది. వణుకు, ఉలికిపాటు, బోర్లా తిరగడానికి అవస్థ. పెరిగిన మగవాటిని ఒకచోట ఉంచితే ఒంటినిండా కాట్లే. 1995లో వచ్చిన పరిశోధన ఇది.

"మా నాన్నకి ఈ టెస్టు చేయించొచ్చా మేడమ్?" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. క్లాసంతా నవ్వులు.

క్లాసులో పిల్లలకి కాట్లాటే నచ్చింది. నాకు మాత్రం మీసాల సంగతి. మామూలు ఎలుక మెదడులో ఒక్కో మీసానికీ పీపా ఆకారంలో ఒక్కో కణాల గుంపు ఉంటుంది. ఈ జన్యువు పాడైనవాటిలో ఆ పీపాలు ఏర్పడనే లేదు. కానీ పుట్టిన మొదటి కొద్దిరోజుల్లో సెరటోనిన్ తయారీని మందుతో అడ్డుకుంటే ఏర్పడ్డాయి. పాడైన జన్యువు పాడైనట్టే ఉంది! అదీ చెప్పాను, అప్పటికే సగంమంది కళ్ళు గడియారం మీదున్నాయి.

సాయంత్రం బోను పట్టుకుని తమ్ముడితో బీచ్ రోడ్డు వైపు నడిచాను. తుప్పల దగ్గర తలుపు తీస్తే ఎలుక బయటికి రాదే! "ఊపకక్కా, బెదిరిపోతుంది" అని వాడు గొంతుక్కూర్చుని పావుగంట ఎదురుచూశాడు. చివరికి తుర్రుమంది.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర బండి ఇంకా అడ్డంగానే ఉంది.