కాలిన నేల మీద ఆదివారం

రోహిణి కార్తెలో ఎండ ముదిరితే కొండ పాదాన నిలవడం కష్టం కనుక, ఈ రోజు తెల్లవారకముందే విజయవాడ నుంచి బయలుదేరి, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి చేరి, చల్లపూటే మా శిబిర స్థలంలో పని మొదలుపెట్టాము. బడిపిల్లలు బృందాలుగా వచ్చి, గుడారాలు వేసుకుని, తామే వండుకుని ఉండే స్థలం అది. అక్కడ కరెంటు లేదు. ఒక చేతిపంపు, తాటాకు పాక, రాళ్ళు పేర్చిన పొయ్యిలు తప్ప వేరే వసతి కూడా లేదు. వేసవి మొదట్లో రోడ్డు పక్క ఎండుగడ్డి అంటుకుని, గాలి కొండవైపు తిరగడంతో మంట పైకి పాకి, పాకనూ వంటచెరకు కుప్పనూ చెట్ల కింది పొదలనూ కాల్చేసింది. ఆ వారం శిబిరం లేకపోవడం వల్ల మనుషులకు ఏ హానీ జరగలేదు.

బృందంలో ఎక్కువమంది కోరిక జేసీబీ పిలిపించి, మాడిన మోళ్ళన్నీ పెకలించి, నేల చదును చేసి, వానలు పడగానే మొక్కలు నాటాలని. వారి తొందర నాకు అర్థమవుతుంది. పిల్లలు ఆడుకున్న చోటు నల్లగా పడి ఉంటే చూస్తూ ఊరుకోవడం ఎవరికైనా బాధే. అయితే అటవీశాఖలో బీటు ఆఫీసరుగా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు మాతో వస్తున్నారు. ఆయన వెంట తిరిగినప్పటి నుంచి, ఏది చచ్చిందో ఏది బతికి ఉందో తేల్చుకోకుండా యంత్రాన్ని దించితే మంట వదిలినదాన్ని మనమే తుడిచిపెట్టినవాళ్ళమవుతామని నేను నమ్ముతున్నాను.

మొదట నేలను చూశాము. ఆయన గడ్డపారతో రెండు చోట్ల జానెడు లోతు తవ్వించారు. గడ్డి మాత్రమే కాలిన చోట బూడిద పలుచటి పొరగా ఉంది. దాని కింద మట్టి రంగు మారలేదు, గడ్డి దుబ్బును పట్టి లాగితే వేళ్ళు తెగకుండా నిలిచాయి. వంటచెరకు కుప్ప గంటల తరబడి రగిలిన చోట మాత్రం మట్టి ఇటుక రంగుకు తిరిగి, వేరన్నది కనిపించకుండా, చేతిలో పొడిపొడిగా రాలిపోయింది. ఆ పక్కనే బూడిద గీకి చెంబుతో నీళ్ళు పోస్తే ఒక్క చుక్క ఇంకలేదు. తామరాకు మీద నీళ్ళలాగా బొట్లు బొట్లుగా దొర్లి పల్లానికి జారిపోయాయి. ఆకులూ కట్టెలూ కాలేటప్పుడు వాటిలోని మైనపు పదార్థాలు ఆవిరై, మట్టి రేణువులకు పూతలా అంటుకుంటాయి కనుక అలా జరుగుతుందట. ఆ మేర నేలను పారతో పైపైన గుల్ల చేసి, వరిగడ్డి పరిచాము. మిగిలిన నేల జోలికి పోలేదు.

తరువాత చెట్ల వంతు. బెరడు మీద కత్తిమొనతో గోరంత గాటు పెట్టి చూడాలి. లోపల తడిగా, పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ వైపు పోయినట్టు. ఒక్క వైపే చూసి తీర్పు చెప్పకూడదని, మంట వాలు మీద పైకి ఎక్కేటప్పుడు మానుకు ఎగువ వైపే ఎక్కువగా కాలుతుందని పెద్దాయన చెప్పారు. నిజంగానే దిగువ నుంచి చూస్తే క్షేమంగా కనిపించిన వేపచెట్టుకు వెనుక నడుమెత్తు దాకా బొగ్గే ఉంది. బతికినవాటికి సున్నం బొట్టు, తేలనివాటికి జాజు బొట్టు పెట్టుకుంటూ పోయాము. మోదుగ, తునికి మొదళ్ళ దగ్గర అప్పుడే లేత పిలకలు వచ్చాయి. పైకొమ్మ మాడినా వేరు నుంచి లేవడం వాటి స్వభావం. తునికాకు బాగా రావాలని అడవికి నిప్పు పెట్టే అలవాటు కొన్ని ప్రాంతాల్లో పుట్టడానికి కారణం కూడా ఇదే. హద్దురాళ్ళకు అవతల రిజర్వు అడవిలో వేలిమందం తెల్లపొణికి మొక్కలు కొన్ని నిలువునా ఎండిపోయి కనిపించాయి. కొండపల్లి బొమ్మల మెత్తని, తేలికైన కర్ర ఆ చెట్టుదే కనుక వాటిని చూసి నాకు చాలా బాధ కలిగింది. అనుమతి లేకుండా అక్కడ ఎండుపుల్ల కూడా కదల్చకూడదు కాబట్టి చూసి వెనుదిరిగాము.

ఈ రోజు పెద్ద చర్చ పొయ్యిల పక్కనున్న చింతచెట్టు గురించి. దాని మొదలు ఒక వైపు తొర్రగా కాలిపోయింది. చేయి పెడితే మోచేతి దాకా లోపలికి పోయి, మసి అంటుకుని వస్తోంది. రెండో వైపు కొమ్మల నిండా చింతచిగురు ఉంది. కాపలా చూసే బాబాయి దానిని కొట్టేయాలనే అన్నాడు.

"రేపు పిల్లల మీద విరిగి పడితే ఆ తల్లిదండ్రులకు ఏం జవాబు చెబుతామమ్మా?"

ఆ ప్రశ్నను తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. పెద్దాయన కాసేపు చెట్టు చుట్టూ తిరిగి, "చెట్టు పడితే పడనివ్వు బాబూ. దాని కింద మనం ఎందుకుండాలి?" అన్నారు. నాకు ఆ మాట సరైనదనిపించింది. ఆ స్థలంలో కదలడానికి వీలైనవి మా పొయ్యిలూ గుడారాలే. చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం తాడుతో కొలిచి, తూర్పు వైపు బయలులో కొత్త పొయ్యికి గుర్తు పెట్టి, చింతచెట్టు చుట్టూ కంప వేసి దారి మూసేశాము. బాబాయి పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, కంప కొట్టి తెచ్చింది ఆయనే. చేతిపంపు దారిలో పూర్తిగా చచ్చిన రెండు చెట్లను మాత్రం తీయక తప్పదు. సొంత స్థలంలోనైనా నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి కనుక దరఖాస్తు రేపు ఇస్తాను. కాలిన మోళ్ళ చుట్టూ గడ్డపారతో పొడిచి చూడడం మరొక పని. వేళ్ళు భూమిలోపలే కాలిపోయి బోలుగా మిగిలిన చోట్ల నేల పైకి గట్టిగా కనిపిస్తుంది, అడుగు వేస్తే దిగబడుతుంది. అలాంటి గుంతలు దొరికినన్ని పూడ్చాము.

ఎండ ముదిరేలోగా చేసిన ఆఖరి పని, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, సగం కాలిన దుంగలను వాలుకు అడ్డంగా పడుకోబెట్టడం. దుంగ కింద సందు లేకుండా చిన్న కాలువ తవ్వి, అందులో కూర్చోబెట్టి, ఎగువ వైపు మట్టి అదిమితే తొలకరి నీరు అక్కడ ఆగి, బూడిదనూ మన్నునూ వదిలి ముందుకు పోతుంది. శుభ్రం చేయడమంటే ఆ దుంగలను లారీకెత్తి పంపడమే అనుకునే కుర్రవాళ్ళకు బుడమేరు సంగతి గుర్తుచేశాను. అది మైలవరం వైపు కొండల నీటితో వచ్చే వాగు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో అది పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళలో ఎంత నీరు నిలిచిందో మా బృందంలో కొందరికి స్వయంగా తెలుసు. ఆ వరదకు కారణాలు వేరు, మా స్థలం చాలా చిన్నది. అయినా ఆకుపొర కాలిపోయిన వాలు మీద పడిన వాన నిలవదు, మట్టిని వెంటబెట్టుకుని వాగులోకే దిగుతుంది.

"అక్కా, కనీసం విత్తన బంతులైనా విసురుదామా?" అని ఒక అబ్బాయి అడిగాడు. ఈ వానాకాలం వద్దన్నాను. వేళ్ళు బతికి ఉన్న నేలలో కొత్తవాటిని కుమ్మరిస్తే, దానంతట అది లేచేదేదో, మనం తెచ్చిపెట్టిందేదో తెలియదు. దానికంటే మొదటి వానకే తలెత్తి మిగతా మొక్కలను కమ్మేసే లాంటానా కంపనూ సర్కారు తుమ్మనూ మొలకగా ఉన్నప్పుడే వేళ్ళతో సహా పీకడానికి మనుషులు కావాలి. ఆ పనికి తన స్నేహితులను తెస్తానని ఆ అబ్బాయి మాట ఇచ్చాడు.

పాకకు మళ్ళీ తాటాకే కప్పాలని కొందరికి ఉంది. దాని చల్లదనం నాకూ ఇష్టమే. కానీ ఎగిరిపడిన ఒక్క నిప్పురవ్వ చాలు కనుక బంగాళాపెంకు వేయాలని గట్టిగా చెప్పాను. ఇంటికి వచ్చాక డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ పంపే అగ్ని హెచ్చరికలకు నా ఫోను నంబరు నమోదు చేసుకున్నాను. ఉపగ్రహం 375 మీటర్ల గడిని ఒక చుక్కగా చూపిస్తుంది కాబట్టి చిన్న మంటలన్నీ దానికి అందవు. బాబాయి కన్నే మాకు మొదటి హెచ్చరిక, ఫోను ఆ తరువాతే.

రాత్రి భోజనం అయ్యాక బడులకు పంపవలసిన ఉత్తరం రాశాను. ఈ ఏడు దసరా సెలవులకు రాత్రి బసలు ఉండవని, ఇకపై ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నిప్పు రాజేయనివ్వబోమని, మిగిలిన నెలల్లో ఒకే పొయ్యి, దాని చుట్టూ పదడుగుల మేర గడ్డిపోచ లేని నేల ఉంటుందని రాశాను. వానలు తగ్గాక పిల్లలు పగటిపూట రావచ్చని, ఒక్కొక్క దుంగ వెనుక ఎంత మన్ను నిలిచిందో కొలిచి రాసే పని వారికే అప్పగిస్తామని, వచ్చేటప్పుడు స్కేలు, నోటుపుస్తకం, బురదకు పనికివచ్చే చెప్పులు తెచ్చుకోవాలని చేర్చాను.