మా ఒంగోలు ఆవులకి వేరే రక్తం ఆబోతు కోసం తిరిగాం – నా అనుభవం

మాది ప్రకాశం జిల్లా, ఇంట్లో ఒంగోలు ఆవులు తాతల నాటి నుంచి ఉన్నాయి, పెయ్యలతో కలిపి ఇప్పుడు ఏడు. దేశీ ఆవు కొనాలి ఏం చూసుకోవాలి అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, మూపురం చూస్తారు, గంగడోలు చూస్తారు, రంగు చూస్తారు, దీని తండ్రి ఎవరు అని అడిగినోళ్ళు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదే ఓపిగ్గా చదవండి.

మా పెద్ద పెయ్యకి సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తుంటే చూలు నిలవట్లా, మళ్ళీ ఇరవై రోజులకి తిరిగి పొర్లుతోంది, అంటే ఎదకొస్తోంది. డాక్టరు గారు గర్భసంచి చూశారు, బానే ఉందన్నారు, నట్టల మందు పట్టించాం, మినరల్ మిక్చర్ పెట్టాం. తర్వాత ఆయన నాన్నని అడిగారు, దీని తండ్రి ఏది, దీని తల్లికి తండ్రి ఏది అని. రెండిటికీ మా దగ్గర ఉన్నది ఒకటే సమాధానం, ఊళ్ళో దేవుడికి వదిలిన ఆబోతు. ఏళ్ళ తరబడి మా ఊరికీ పక్క రెండు ఊళ్ళకీ అదే దిక్కు. అంటే మా పెయ్య తండ్రీ కూతుళ్ళకి పుట్టిన బిడ్డ.

డాక్టరు గారు చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తా. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తాయి. ఒకదాన్లో లోపం ఉన్నా ఇంకోటి బాగుంటే చాలాసార్లు ఇబ్బంది బయటపడదు. తండ్రీ కూతుళ్ళకి పుట్టిన దూడలో ఏ జన్యువు తీసుకున్నా రెండు కాపీలూ ఆ తండ్రిలోని ఒకే కాపీ నుంచి వచ్చే అవకాశం 25 శాతం, ఒకే తండ్రికి వేరే తల్లులకి పుట్టిన బిడ్డలు కలిస్తే పన్నెండున్నర శాతం. దాంతో చూలు నిలవడం, దూడ బతకడం, ఎదుగుదల, పాలు అన్నీ కొంచెం కొంచెం దెబ్బతింటాయి. మీ పెయ్య దీనివల్లే పొర్లుతోందని నేను చెప్పలేను, పొర్లడానికి చాలా కారణాలుంటాయి, కానీ ఊరంతా ఇదే జరుగుతుంటే జాతే బలహీనపడుద్ది అన్నారు.

ఆయన కాయితం మీద వేసి చూపించిన లెక్క ఇంకా నా పర్సులో ఉంది. వంద ఆవులకి ఒకటే ఆబోతు ఉంటే ఆ మంద జన్యుపరంగా ఎన్ని పశువులతో సమానం అంటే నాలుగు. అవును నాలుగే. ఆడవి ఎన్ని, మగవి ఎన్ని గుణించి, నాలుగుతో హెచ్చవేసి, మొత్తం సంఖ్యతో భాగిస్తే వచ్చేది అది. అదే వంద ఆవులకి నాలుగు ఆబోతులు పెడితే పదిహేనుకి వస్తుంది. ఇంకో వంద ఆవులు కొన్నా ఆబోతు ఒకటే అయితే ఆ నాలుగు నాలుగులాగే ఉంటుంది. మన జాతి ఆవులు ఇన్ని వేలున్నాయి అని లెక్కలు చెప్పుకుంటాం కదా, వాటి తండ్రులెన్నో చెప్పకపోతే ఆ లెక్కతో పెద్దగా తెలిసేదేం లేదు.

సరే ఊరి ఆబోతు వద్దు సూదే వేయిద్దాం అనుకున్నాం. అక్కడ ఇంకో సంగతి బయటపడింది. ఆబోతు వీర్యం నింపి ఉండే సన్నటి గొట్టాన్ని స్ట్రా అంటారు, దాని మీద చిన్న అక్షరాల్లో జాతి, ఆబోతు నంబరు, తయారైన తేదీ ప్రింట్ చేసి ఉంటాయి, వాడిన స్ట్రాలు అడిగి చూస్తే మా దగ్గర సెంటర్లో చాలా కాలంగా వస్తున్న ఒంగోలు స్ట్రాలన్నీ ఒకటే నంబరు. అంటే చుట్టుపక్కల సూదికి పుట్టిన దూడలన్నీ ఒక తండ్రి పిల్లలే, రేపు వాటిలో వాటికే కలిపితే మళ్ళీ అదే గొడవ. సూదితో పెద్ద మేలు ఉంది నిజమే, మంచి ఆబోతు ఎక్కడున్నా మన ఇంటికొస్తుంది, కానీ ఒక్క ఆబోతు వేలల్లో దూడల్ని ఇవ్వగలగడం దాంతోనే. హోల్‌స్టీన్ అనే విదేశీ పాల జాతిలో ఇదే జరిగింది. అమెరికాలో 1962లో పుట్టిన చీఫ్ అనే ఆబోతు, కూతుళ్ళు విపరీతంగా పాలిస్తున్నాయని ప్రపంచమంతా వాడారు, దాన్లో ఒక జన్యులోపం దాగుంది, అది రెండు వైపుల నుంచీ వచ్చిన పిండం నిలవదు, దానివల్ల ఐదు లక్షలకి పైగా పిండాలు ఈసుకుపోయి (గర్భస్రావమై) ఉంటాయని తర్వాత అంచనా వేశారు. అంత చదువు, అంత రికార్డులు ఉన్నచోటే అలా అయింది.

ఇక మేం చేసిన పని, ముందు నోట్‌బుక్ తెచ్చి ప్రతి ఆవుకీ ఒక పేజీ పెట్టాం. ఇంట్లో సంబంధం చూస్తే మూడు తరాలు ఆరా తీస్తాం కదా, అట్లాగే. చెవి పోగు మీద పన్నెండు అంకెల నంబరు రాశాం, తల్లి, తల్లి తల్లి, తండ్రి. పాత ఆవుల సంగతి నాన్నకి సగం గుర్తుంది, మిగతాది మా పెద్దమ్మ చెప్పింది. "అది చుక్కావు కూతురు కాదురా అబ్బాయ్, చుక్కావు ఆ ఏడు ఈనలేదు, అది మీ మేనత్త వాళ్ళింటి నుంచి తోలుకొచ్చిన దాని పెయ్య" అని. అంటే ఏడింటిలో రెండు వేరే వరసవి. పెద్దమ్మ లేకపోతే ఆ సంగతి మాకు తెలిసేదే కాదు, అలాంటి వాళ్ళు ఊళ్ళో ఉండగానే అడిగి రాసుకోండి.

తర్వాత వేరే వరస స్ట్రా కోసం తిరిగాం. గుంటూరు దగ్గర లాం ఫారం, మా జిల్లాలోనే చదలవాడ ఫారం, రెండిటిలోనూ ఒంగోలు మందలు ఉన్నాయి. ఏ ఆబోతు ఏ మంద నుంచి వచ్చింది, దాని తల్లి ఏది, మా ఊరి ఆబోతుకి చుట్టరికం ఉందా అని ఫోన్లు చేసి, తెలిసిన వాళ్ళని పట్టుకుని, చివరికి డాక్టరు గారి సాయంతో వేరే నంబరు స్ట్రాలు తెప్పించాం. ఇది మాత్రం చాలా విసుగు పని, అడిగితే వింతగా చూసేవాళ్ళే ఎక్కువ.

ఒంగోలు ఆవులతో ఇంకో తిప్పలు, మూగ ఎద. పెద్దగా అరవదు, తోక పైకెత్తి అటూ ఇటూ చూస్తుంది అంతే, తీగలు (ఎదలో కారే జిగురు) కొంచెమే వేస్తుంది. నాన్న తెల్లారుజామున టార్చి వేసి కొట్టంలో చూసేవాడు. పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూది. స్ట్రాలు గడ్డకట్టించి ఉంచే కంటెయినర్ మూత తీయగానే పొగ, స్ట్రా తీసి గోరువెచ్చని నీళ్ళలో ముప్పై సెకన్లు, 37 డిగ్రీలు ఉండాలని థర్మామీటర్ పెట్టి మరీ చూశారు, తుడిచి, కత్తిరించి, గన్నులో పెట్టేలోపే నేను నంబరు ఫోటో తీసుకున్నా. పెయ్య ఈసారి నిలిచింది. తొమ్మిది నెలలు దాటాక ఈనింది, కోడెదూడ, లేచి నిలబడి పొదుగు వెతుక్కుంది, మాయ కూడా సమయానికే పడింది.

కోడె అని నాన్న మొదట నీరసపడ్డాడు గానీ నాకు చాలా సంతోషం, ఎందుకంటే మా ఊళ్ళో లేని వరస అది. దాన్ని అమ్మట్లేదు. ఇంకో మండలంలో మాలాగే రాసుకుంటున్న రైతు ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గర వేరే వరస కోడె ఉంది, రెండూ ఎదిగాక మార్చుకుందాం అని మాట అనుకున్నాం, ముందు రెండిటికీ రోగాల పరీక్షలు చేయించి. హైదరాబాద్‌లోని పశు జీవసాంకేతిక పరిశోధన సంస్థ ఎన్‌ఐఏబీ వాళ్ళు 2021లో ఇండిగౌ అని మన దేశీ పశువుల కోసమే జన్యువులు పరీక్షించే చిప్ తయారు చేశారు, అలాంటి పరీక్ష మాలాంటి రైతు మందల దాకా వస్తే పెద్దమ్మ చెప్పినవి కూడా సరిచూసుకోవచ్చు.

కందుకూరు, అద్దంకి వైపు ఎవరి దగ్గరైనా తల్లీ తండ్రీ తెలిసిన ఒంగోలు కోడె ఉంటే చెప్పండి, వచ్చి చూస్తాం. సూది వేయించేవాళ్ళు స్ట్రా పారేయకముందే నంబరు ఫోటో తీసుకోండి, తేదీ, ఆవు చెవి పోగు నంబరు కూడా కలిపి పెట్టుకోండి.