18 కాదు, 6 రావాలి: 40 తెలుగు సైట్లని కొత్త సర్వర్‌కి మార్చాం

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లం కొందరం అద్దె పంచుకుని నడిపే సర్వర్ ఇది. పద్యాలు, వంటలు, రైలు ఫొటోలు, ఊరి చరిత్రలు కలిపి 40 సైట్లు. ఇన్నాళ్లూ డెబియన్ 10 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచింది. దానికి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల భద్రతా) అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి కాబట్టి మార్చక తప్పలేదు.

ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేద్దామంటే 10 నుంచి నేరుగా 12కి దూకడం కుదరదు, మధ్యలో 11 ఎక్కి దిగాలి. సగంలో ఆగితే 40 సైట్లూ ఒకేసారి పడతాయి. అందుకే డెబియన్ 12తో కొత్త వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) తీసుకుని ఒక్కో సైటే తరలించాం. ఒక నెల రెండు అద్దెలు కట్టాం, దండగ అనిపించలేదు.

మార్చే ముందురోజే డీఎన్‌ఎస్‌లో (సైటు పేరుకి సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థ) టీటీఎల్‌ని, అంటే ఆ చిరునామాని గుర్తుంచుకునే సమయాన్ని, 86400 సెకన్ల నుంచి 300కి దించాలి. ఫైళ్లకి ఆర్‌సింక్ (మారినవాటినే కాపీ చేసే టూల్) రెండుసార్లు: సైటు నడుస్తుండగా ఒకసారి, మూసేశాక డిలీట్ ఆప్షన్‌తో ఇంకోసారి. రెండోది నిమిషంలో అయిపోతుంది. డీఎన్‌ఎస్‌లో ‘ఏ’ (A, ఐపీవీ4 చిరునామా) రికార్డుతో పాటు క్వాడ్ ఏ (AAAA, ఐపీవీ6 చిరునామా) రికార్డు కూడా మార్చాలి. ఇంటి వైఫైలో కొత్త సైటు, ఫోన్ డేటాలో పాత సైటు కనిపిస్తోందంటే దాదాపు ఎప్పుడూ ఇదే మరిచిపోయి ఉంటారు.

అసలు పని డేటాబేస్‌లో ఉంది. పాత సైట్లు చాలావాటిలో టేబుల్ లాటిన్1 (పశ్చిమ యూరప్ అక్షరాల ఎన్‌కోడింగ్), లోపలున్నది యూటీఎఫ్-8 (అన్ని లిపులకీ పనికొచ్చే ఎన్‌కోడింగ్) తెలుగు. పాత పీహెచ్‌పీ (సైట్లని నడిపే ప్రోగ్రామింగ్ భాష) కూడా లాటిన్1 కనెక్షన్‌తోనే రాసి, దాంతోనే చదివేది కాబట్టి తప్పు తప్పుకి సరిపోయి పేజీ బాగానే కనిపించేది. కొత్త సర్వర్‌లో కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేస్‌లో పూర్తి యూటీఎఫ్-8కి ఉన్న పేరు) కాగానే ఒక్కో అక్షరం మూడు పిచ్చి గుర్తులుగా విడిపోతుంది.

పట్టుకోవడం సులువు. ‘తెలుగు’ అని మాత్రమే ఉన్న ఒక గడి మీద అక్షరాలు లెక్కపెట్టే క్యార్ లెంగ్త్ (CHAR_LENGTH) ఫంక్షన్ నడపండి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: 6 రావాలి. 18 వస్తే బైట్లని అక్షరాలుగా లెక్కపెడుతోందన్నమాట, తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్ గుర్తుకి) యూటీఎఫ్-8లో 3 బైట్లు కదా.

18 వచ్చిన టేబుళ్లని డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి, స్కిప్ సెట్ క్యార్‌సెట్ ఆప్షన్ చేర్చి డంప్ (టేబుళ్లని రాసిన ఫైలు) తీయాలి. ఫైల్లో టేబుల్ నిర్వచనాల్లో ఉన్న లాటిన్1నే, కొలేషన్‌తో (అక్షరాల వరుస నియమంతో) సహా, యూటీఎఫ్8ఎంబీ4గా మార్చాలి. ఫైలంతా గుడ్డిగా మారిస్తే ఎవరో వ్యాసంలో రాసిన ‘లాటిన్1’ అనే మాట కూడా మారిపోతుంది. తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 కనెక్షన్‌తో ఎక్కించాలి.

ఇందులో ఒక గోతి ఉంది. టేబుల్ యూటీఎఫ్8గానే ఉండి, కొన్ని వరుసలు 18గా, కొన్ని 6గా కలిసి ఉంటే ఈ పద్ధతిలో 6 వరుసలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, మళ్లీ రావు. వాటిని ముందే వేరే టేబుల్‌లోకి తీసి విడిగా డంప్ చేయాలి. మరో చిక్కు: రో ఫార్మాట్ (వరుసల్ని దాచే పద్ధతి) కాంపాక్ట్ అని ఉన్న పాత టేబుళ్లలో ఇండెక్స్‌లో (వెతకడానికి వాడే సూచికలో) ఒక్కో కాలమ్ 767 బైట్లు దాటకూడదు. 255 అక్షరాల వార్‌క్యార్ కాలమ్ యూటీఎఫ్8ఎంబీ4లో 1020 బైట్లవుతుంది, ఇంపోర్ట్ ఎర్రర్‌తో ఆగుతుంది. డంప్‌లో కాంపాక్ట్‌ని డైనమిక్ చేస్తే హద్దు 3072కి పెరుగుతుంది.

పీహెచ్‌పీ 7.3 నుంచి 8.2కి వచ్చాం. ఈచ్ (each), క్రియేట్ ఫంక్షన్ (create_function) అనే పాత ఫంక్షన్లు రెండూ 8.0లోనే పోయాయి. పాత థీముల్లో గ్రెప్‌తో (ఫైళ్లలో మాటల్ని వెతికే కమాండ్) వెతికి మార్చడమే, గొప్ప పనేం కాదు.

మెమరీ మాత్రం చూసుకోవాలి. ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ ప్రాసెస్‌లని నడిపే ప్రోగ్రామ్) పూల్ సైటుకొకటి పెట్టి, డెబియన్ ఇచ్చిన డైనమిక్ సెట్టింగునే వదిలేస్తే మొదలవగానే ఒక్కోదానికి 2 ప్రాసెస్‌లు, మొత్తం 80 లేస్తాయి. ఒక్కోటి 50 ఎంబీ అనుకున్నా మా 4 జీబీ ర్యామ్ అక్కడికే సరి. ఆన్‌డిమాండ్ (ఎవరైనా పేజీ అడిగినప్పుడే లేచేలా) చేసి, ఒక్కో సైటుకి గరిష్ఠం 3 ప్రాసెస్‌లు పెట్టాం. ఖాళీగా ఉన్న సైటుకి మొదటి పేజీ కాస్త ఆలస్యమవుతుంది, అభిరుచి సైటుకి అది చెల్లుతుంది.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచిత హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) ఫోల్డర్‌ని సింబాలిక్ లింకులు (వేరే ఫైలుని చూపే గుర్తులు) చెడకుండా కాపీ చేయాలి. లింకులు మామూలు ఫైళ్లయితే సర్టిఫికెట్ ఇవాళ పనిచేస్తుంది, రెన్యూవల్ రోజున మొరాయిస్తుంది.

పాత సర్వర్‌ని వారం ఉంచాం, కానీ అందులో క్రాన్‌ని (వేళకి పనులు వాటంతటవే నడిపే ప్రోగ్రామ్) మొదటిరోజే ఆపాలి. మేం ఆపలేదు. రెండు సర్వర్లూ ఒకే పద్యాన్ని చందాదారులకి చెరొకసారి పంపాయి.