అద్దం పడవ, మీసం, పాటు నీళ్లు

అండమాన్‌లోని జాలీ బాయ్ దీవికి జెట్టీ లేదు. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర వండూరులో ఎక్కిన పెద్ద బోటు ఒడ్డుకు కాస్త దూరంలో ఆగిపోతుంది. అక్కణ్ణించి, అడుగున అద్దం బిగించిన చిన్న పడవల్లో దీవికి చేరాలి. టికెట్‌లో కలిపామని చెప్పే ‘అద్దం పడవ షికారు’ చాలావరకు ఈ దింపుడే. పగడాల మీద ఇంకాసేపు తిప్పాలంటే మళ్లీ డబ్బు. పర్మిట్‌కొకటి, బోటుకొకటి, నీళ్లలో మొహానికి పెట్టుకునే మాస్కు అద్దెకొకటి... పూర్ణా మార్కెట్లో పావుకిలో బెండకాయలకు బేరమాడే వైజాగ్ ప్రాణానికి ఒళ్లు మండదా మరి?

డబ్బు కట్టబోతుంటే పడవవాడే ఆపాడు. “ఇప్పుడు పోటు బాబూ. పాటు కానీండి, నీరు తీస్తాది. నీరు మీదుంటే ఏటి కనిపిస్తాది?” తాతల కాలంలో భీమిలి వైపు నుంచి వచ్చినవాళ్లట, ఇప్పుడు జంగ్లీఘాట్‌లో ఉంటున్నారు. పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు మారినా ఉత్తరాంధ్ర యాస మాత్రం అక్కడ చెక్కుచెదరలేదు.

అతని మాట అక్షరాలా నిజం. అయిదు మీటర్ల లోతుకే ఎరుపు రంగు దాదాపు ఇంకిపోతుంది. అందుకే పోటు మీద అద్దంలోంచి చూస్తే అన్నీ బూడిద కలిసిన నీలమే. నీరు తగ్గితే పగడాలు దగ్గరవుతాయి, రంగూ తేలుతుంది. మరీ తగ్గిందా, పడవ అడుగు పగడాలకు తగులుతుందని వాటి మీదికి తీసుకెళ్లరు. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పర్మిట్‌కు తేదీ ఎంచుకునే ముందే పోటు పాట్ల పట్టిక చూసుకోవాలి. అక్కడ గడియారం మనదే గానీ సూర్యుడు వైజాగ్ కంటే అరగంట పైగా ముందే నడినెత్తికొస్తాడు. పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య దొరికిన వెలుగు భోజనాల తర్వాత దొరకదు. అద్దం మీదికి వంగి, తలకు అటూ ఇటూ తువ్వాలు అడ్డుపెట్టుకుంటే మన మొహం బదులు చేపలు కనిపిస్తాయి.

నీళ్లలోకి దిగితే అసలు తంటా మీసంతో. మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో వెంట్రుకలుంటే నీరు కారుతుంది. పట్టీ బిగిస్తే ఆగుతుందనుకుంటాం. అంచు వంకరపోయి ఇంకా కారుతుంది. ముక్కు కింద సన్నగా గీయించుకోవాలి, లేదా వాజిలిన్ పట్టించాలి. అద్దె మాస్కు తీసుకునేటప్పుడు పట్టీ వేసుకోకుండా మొహానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చెయ్యి వదిలేయండి. నిలబడితే మంచిది, జారితే మార్చమనండి. ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రాసి సముద్రపు నీటితో ఒక్కసారి తొలపాలి. అసహ్యంగా ఉన్నా అంతకు మించిన మందు లేదు.

ఇంత చెప్పడం ఎందుకంటే, మాస్కులో నీరు చేరగానే మనిషి కంగారుపడి నిలబడతాడు. కాలి కింద ఉండేది పగడం. జింకకొమ్ముల్లాంటి పగడాలు ఒక్క అడుగుకే విరుగుతాయి. బండల్లా పెరిగేవి ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి, అంటే మోకాలెత్తు బండకు మన తాతల వయసు. 2010లో నీరు వేడెక్కినప్పుడు పగడాలు తమలోని నాచును వదిలేసి తెల్లబడ్డాయి. వాటిలో చాలా చచ్చాయి కూడా. మిగిలినవాటిని మనం తొక్కక్కర్లేదు.

మన రుషికొండ దగ్గర ఇంత పగడం ఎందుకు లేదని బోటులో ఎవరో అడిగారు. వానలు వెనకబట్టాక గంగ, మహానదుల మంచినీళ్లు, బురద ఒడ్డు వెంబడి దక్షిణానికి దిగుతాయి. వెలుగు అందకపోయినా ఉప్పు పలచబడినా పగడం దిబ్బ కట్టలేదు. వండూరు వైపు అంత పెద్ద నది లేదు.

ఈ దీవులున్న పార్కు 1983లో ఏర్పడింది, పేరు మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్. సోమవారం సెలవు. వైజాగ్ నుంచి ఓడలో సుమారు 56 గంటలు కూర్చుని ఆదివారం రాత్రి దిగితే మర్నాడు ఖాళీ. వానాకాలంలో జాలీ బాయ్ మూసి రెడ్ స్కిన్ అనే మరో దీవి తెరుస్తారు, కాబట్టి ఏ దీవో అడిగి డబ్బు కట్టండి. ప్లాస్టిక్ సంచీ, చిప్స్ పొట్లం వండూరులోనే తీయించేస్తారు. తిరిగొచ్చేటప్పుడు చచ్చిన పగడం ముక్కయినా జేబులో వేసుకోకండి. ఆర్కే బీచ్‌లో గవ్వల దండ కొన్నట్టు కాదిది, విమానాశ్రయంలో స్కానర్ పట్టేస్తే వన్యప్రాణి చట్టం కింద కేసు.