మంగోలియన్ సాధన: దీర్ఘాచ్చులు దారికొచ్చాయి

ఈ నెలంతా దీర్ఘాచ్చుల మీదే కూర్చున్నాను. నేర్చుకుంటున్నది ఖల్ఖా మాండలికం. మంగోలియాలో బడి పుస్తకాలకు, వార్తలకు, ప్రభుత్వ వ్యవహారాలకు అదే ఆధారం. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో ప్రమాణం చాఖర్ ఉచ్చారణ. అందుకే ఆడియో దించుకునే ముందు అది ఎక్కడిదో చూసుకోవాలి. మొదట్లోనే రెండూ కలిపి వింటే చెవి నిలవదు.

ఉదాహరణకు ‘తెల్లని’ అనే మాట ఖల్ఖాలో ౘగాన్, చాఖర్‌లో చగాన్. చాపలోని చ, చెట్టులోని చ రెండూ పలికే మనకు ఇది చాలా తేలిక. ఖల్ఖాకు చాపలోని చకారం పలికి, కాస్త ఊపిరి జోడిస్తే చాలు.

దీర్ఘాలే ఇబ్బంది పెట్టాయి. మంచు ౘస్, కాగితం ౘాస్. ఇలా మొదటి అక్షరంలో ఉంటే తేడా తెలిసిపోతుంది. ఆ తర్వాతి అక్షరాల్లో మాత్రం హ్రస్వాన్ని దాదాపు మింగేస్తారు, దీర్ఘం మన హ్రస్వమంతే వినిపిస్తుంది. ‘బయర్లలా’ (కృతజ్ఞతలు) అన్న మాటలో చివరి దీర్ఘం నాకు చాలాకాలం దొరకలేదు.

దారి చూపింది నిలువు లిపి, అంటే పైనుంచి కిందికి రాసే పాత మంగోలియన్ రాత. 1940లలో వచ్చిన సిరిలిక్‌ను (రష్యన్ తరహా అక్షరాలను) ముందు నేర్చుకుని, దీన్ని తర్వాతకు వదిలేయమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. ఉయ్ఘుర్ లిపి నుంచి 13వ శతాబ్దంలో వచ్చిన ఈ రాత పాత రూపాలను దాచి ఉంచింది. అందులో మంచు ‘చసు’, కాగితం ‘చగసు’. నడుమ గకారం జారిపోయి, అటూ ఇటూ ఉన్న అచ్చులు కలిసిపోయి దీర్ఘమైంది. రాజధాని ఉలాన్‌బాతర్ పేరు కూడా అంతే: రాతలో ‘ఉలగన్ బగతుర్’. ఇది తెలిశాక దీర్ఘాలను బట్టీ పట్టే పని చాలావరకు తప్పింది.

నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసుకున్నాను: నిలువు లిపి, సిరిలిక్, చెవికి వినబడినది తెలుగులో. మూడో గడిని మిగతా రెండూ మూసి, విని రాయాలి. ఆడియో వేగం కొద్దిగా తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే మింగిన హ్రస్వాలు కూడా సాగి మోసం చేస్తాయి.

వాక్యాలు హాయిగా సాగుతున్నాయి. ‘బి హోల్ ఇదేద్ అజిల్దా యవ్‌న’: నేను భోజనం తిని పనికి వెళ్తాను. మాటల వరుస తెలుగులోలాగే, మార్చాల్సిన పనే లేదు.

లకారం ఇంకా కుదరలేదు. నాలుకను ల స్థానంలో ఉంచి, పక్కల నుంచి గాలి రాపిడితో వెళ్లాలి. నాలుక కదపకుండా గాలి లోపలికి పీలిస్తే చల్లగా తగిలే చోటే ఆ దారి. రోజూ పళ్లు తోముకున్నాక అదే సాధన చేస్తున్నాను. వచ్చే నెల అపాదాన విభక్తి (మన ‘నుంచి’ లాంటిది): మాటలోని అచ్చును బట్టి ఆస్, ఏస్, ఓస్ అని మారే ప్రత్యయాలతో కొత్త పట్టిక మొదలుపెడతాను.