పదకొండోసారి కూడా సరిగ్గా పడని హంప్టీ డంప్టీ

ఇంట్లో ఆడించడానికి కడుతున్న బుల్లి అట్ట థియేటర్‌లో, అట్ట గుడ్డు హంప్టీ డంప్టీని నిన్న రాత్రి మళ్లీ గోడ మీంచి పడేశాను. పగల్లేదు. మెల్లగా దిగి నేల మీద బుద్ధిగా నిలబడ్డాడు. పక్కనే ఉన్న మా అమ్మాయి, "నాన్నా, లిఫ్ట్‌లో వచ్చాడా?" అంది.

అట్ట రంగస్థలం, తెర, లైట్లు పోయిన వారమే అయిపోయాయి. రాజుగారి గుర్రాలూ బాగానే నడుస్తున్నాయి. పేచీ అంతా ఈ గుడ్డుతోనే.

నేను పట్టుకున్నది 1868లో న్యూయార్క్ ఒలింపిక్ థియేటర్‌లో నటుడు జార్జ్ ఫాక్స్ వేసిన పాంటోమైమ్, అంటే పాటలూ హాస్యమూ కలిసిన నాటకం. 483 ఆటలు ఆడింది. అందులో హంప్టీ క్లౌన్‌గా మారిపోతాడు. గుడ్డు రెండుగా విచ్చుకుని లోపలినుంచి క్లౌన్ రావడం మాత్రం నా పైత్యం. అసలు పాటలో గుడ్డు అన్న మాటే లేదు.

గోడ ఎత్తు 14 సెం.మీ. గుడ్డు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) కార్డు, బరువు 6 గ్రాములు. రెండు చిప్పల్నీ పట్టి ఉంచేది 3 మి.మీ. అయస్కాంతం. ఊరికే వదిలేస్తే దెబ్బకి విచ్చుకుంటోంది, కానీ 0.17 సెకన్లలో పడిపోతోంది. రెప్ప వేస్తే అంతే. అందుకని దారం కట్టి, కప్పీ మీదుగా అవతల 5 గ్రాముల బరువు వేలాడదీశాను. లెక్క ప్రకారం 0.56 సెకన్లు రావాలి. ఫోన్‌లో స్లో మోషన్‌లో చూస్తే 0.7 వచ్చింది, కప్పీ రాపిడి వల్ల కావచ్చు. పడటం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ వేగం నాలుగో వంతుకి తగ్గింది, అంటే దెబ్బ దాదాపు పదహారో వంతు. అయస్కాంతం దాన్ని లెక్కే చేయట్లేదు.

అయస్కాంతం తీసేసి ఫెవిస్టిక్ రాశాను. ఒకసారి గోడ మీదే విచ్చుకున్నాడు, ఇంకోసారి అసలు ఊడి రాలేదు. అయినా నీళ్ల జిగురు కన్నా ఫెవిస్టిక్కే నయం, కార్డు అప్పడంలా వంకర పోదు. నల్ల కాటన్ దారం పురి విప్పుకుంటూ గుడ్డుని గిర్రున తిప్పింది. నైలాన్ అయితే లైట్లకి మెరుస్తోంది. కాటన్‌వే రెండు, 3 సెం.మీ. ఎడంగా కట్టాక తిరగడం ఆగింది.

దెబ్బ మీద ఆధారపడటమే తప్పేమో. కుడి చిప్పకి వేరే దారం కట్టి, నేల తగిలాక కింద నుంచి లాగాలి. దానికి మూడో చెయ్యి కావాలి. మా అమ్మాయికి ఇద్దామంటే ముందే లాగేస్తుందని టెన్షన్. 1891లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో హంప్టీ వేషం వేసిన హాస్యనటుడు లిటిల్ టిచ్‌కి ఈ దారాల గొడవ లేదు. ఆ నాలుగున్నర అడుగుల మనిషి తనే పడి ఉంటాడు.

ఆదివారం దాకా కుదరకపోతే 1806లో లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో ఆడిన పాంటోమైమ్ మదర్ గూస్ మొదలుపెడతా, హాస్యనటుడు గ్రిమాల్డీ క్లౌన్‌గా వేసినది. అందులోనూ గుడ్డే, కాకపోతే బంగారుది. బాతు కింద నుంచి పడాల్సింది నాలుగు సెంటీమీటర్లే, పగలక్కర్లేదు.