పలాస జీడి ఫ్యాక్టరీల మీద నా పేపర్ జర్నల్‌కి ఎలా వెళ్ళింది: నా అనుభవం

నేను శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ రీసెర్చ్ స్కాలర్‌ని. పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద నా పీహెచ్‌డీ. అందులో ఒక చాప్టర్ ఈమధ్య ఒక మేనేజ్‌మెంట్ జర్నల్‌లో పేపర్‌గా వచ్చింది. అప్పటినుంచి మా జిల్లాలోనూ విజయనగరంలోనూ పరిశోధన చేస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "ఎవరిచేత వేయించావక్కా, ఎంతయింది?" అని అడుగుతున్నారు. ఎవరూ వేయించలేదు, ఒక్క రూపాయి కట్టలేదు. ఆ ప్రశ్న వింటే బాధగా ఉంటుంది కాబట్టి ఎలా జరిగిందో వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. "వారంలో పబ్లికేషన్ గ్యారంటీ" అంటూ వాట్సాప్‌లో మెసేజీలు రాని స్కాలర్ ఉండరు. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ వేసి తీరాలన్న షరతును యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2022 నవంబరు నిబంధనల్లో తీసేసింది. 2025 ఫిబ్రవరిలో, తాను గుర్తించిన జర్నళ్ళ జాబితా అయిన కేర్ లిస్టునూ ఆపేసింది. కాబట్టి ఏది మంచి జర్నలో తేల్చుకునే పని ఇప్పుడు మన మీదా, మన గైడ్ల మీదా పడింది. ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. అది జర్నల్‌కి ఇచ్చే ఎనిమిది అంకెల గుర్తింపు నంబరు, అంతే. లోపల వచ్చే పేపర్ల నాణ్యతకూ దానికీ సంబంధం లేదు. నేను చూసుకున్నవి వేరు. స్కోపస్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌లో ఉన్నామని జర్నల్ చెప్పుకుంటే, స్కోపస్ సోర్సుల జాబితాలోనే నేరుగా వెతికాను. అక్కడ చూడటానికి డబ్బులక్కర్లేదు. ఎడిటోరియల్ బోర్డులో పేర్లున్న ప్రొఫెసర్లు తమ సొంత పేజీల్లో ఆ జర్నల్ పేరు పెట్టుకున్నారా అని చూశాను. ఒకే సంచికలో పళ్ళ వైద్యం, కాంక్రీటు, మార్కెటింగ్ కలిసి కనిపిస్తే ఇక ఆ వైపు వెళ్ళలేదు. ఫీజు అడిగినంత మాత్రాన దొంగ జర్నల్ అనుకోకూడదు, పాఠకులు ఉచితంగా చదవగలిగే, పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళు కూడా ఫీజు తీసుకుంటాయి. రివ్యూ చేయకుండానే, అంటే ఆ రంగం నిపుణులు చదివి పరిశీలించకుండానే వేస్తామని ఎవరైనా అన్నారంటే మాత్రం ఇక ఆలోచించాల్సిన పని లేదు.

అసలు కష్టం చాప్టర్‌ని పేపర్‌గా మార్చడం. థీసిస్ చాప్టర్‌లో అన్నీ ఉంటాయి: జీడి పంట చరిత్ర, ఎగుమతుల పట్టికలు, పప్పు సైజుని బట్టి డబ్ల్యూ 320, డబ్ల్యూ 240 గ్రేడుల వివరాలు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం ప్రాంతం తోటల్ని నేలమట్టం చేసిన సంగతి. గైడు మేడమ్ ఆ చాప్టర్ ప్రింటు ముందు పెట్టుకుని, "పేపర్ దేనికి జవాబు చెబుతుందో పైన ఒక్క లైన్లో రాయమ్మా, దానికి అక్కర్లేనివన్నీ కొట్టేయ్" అన్నారు. ఆ ఒక్క లైను రాయడానికే నాకు చాలా రోజులు పట్టింది. చివరికి ఇలా తేలింది: కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్ళు ఒక ఫ్యాక్టరీలో ఎందుకు నిలుస్తారు, ఎందుకు మారతారు? ఇక ఎగుమతుల పట్టికలన్నీ పోయాయి. తిత్లీ గురించి రెండు వాక్యాలు మిగిలాయి. ఉద్దానం పిల్లని కాబట్టి మిగతాది కొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంది కానీ, మేడమ్ చెప్పిందే సరైనది.

జర్నల్ ఎంచుకోవడానికి పాత సంచికలు చదివాను. ఐఐఎం అహ్మదాబాద్ 1976 నుంచి నడుపుతున్న వికల్ప, ఐఐఎం బెంగళూరు వాళ్ళ ఐఐఎంబీ మేనేజ్‌మెంట్ రివ్యూ, దక్షిణాసియా మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల సంఘం ఆమ్‌డీసా వాళ్ళ సౌత్ ఏషియన్ జర్నల్ ఆఫ్ మేనేజ్‌మెంట్, వీటితో పాటు కొన్ని విదేశీ జర్నళ్ళు. ప్రభుత్వ విద్యాసంస్థల కోసం కేంద్రమే జర్నళ్ళ చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరిలో మొదలయ్యాక మాలాంటి స్టేట్ యూనివర్సిటీల పిల్లలకి పెద్ద పబ్లిషర్ల జర్నళ్ళు చదివే వీలు దొరికింది, అది నిజంగా వరం. నా పేపర్‌లో రిఫరెన్సులు ఏ జర్నళ్ళవి ఎక్కువున్నాయో లెక్క చూసుకుంటే, ఎక్కడికి పంపాలో దాదాపు అదే చెప్పేసింది. ఒక నియమం మాత్రం గట్టిగా పట్టుకోవాలి: ఒక పేపర్ ఒక సమయంలో ఒకే జర్నల్‌కి. రెండింటికి పంపి ఏది ముందొస్తే అది అనుకోవడం ఇక్కడ తప్పు, తెలిస్తే రెండు చోట్లా తలుపులు మూసేస్తారు.

మొదట పంపినచోట రివ్యూకి వెళ్ళకుండానే వెనక్కొచ్చింది. మా జర్నల్ పరిధిలోకి రాదని ఎడిటర్ మర్యాదగా రాశారు. ఇలా రావడం మామూలే, నెలల తరబడి ఆగి వినడం కన్నా త్వరగా తెలియడం నయం.

రెండో జర్నల్ డబుల్ బ్లైండ్. రాసింది ఎవరో రివ్యూయర్‌కీ, రివ్యూ చేసేది ఎవరో మనకీ తెలియకూడదు. అందుకని పేర్లు, యూనివర్సిటీ, కృతజ్ఞతలు అన్నీ విడిగా టైటిల్ పేజీ ఫైల్లో పెట్టాలి. చాలామంది ఇంతవరకూ చేసి, వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో తమ పేరు అలాగే వదిలేస్తారు. ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కి దాన్ని కూడా తీసేయాలి. మన రాత ఇతర రచనలతో ఎంత కలుస్తోందో చూపే సిమిలారిటీ రిపోర్టు ముందే తీయించాను. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం లోపయితే ఇబ్బంది లేదు. కవర్ లెటర్ అర పేజీ: ప్రశ్న ఏమిటి, ఏం తేలింది, ఈ జర్నల్ పాఠకులకి ఎందుకు పనికొస్తుంది, ఇంకెక్కడా పంపలేదన్న మాట. గొప్పలు రాయలేదు. పరిశోధకుల గుర్తింపు నంబరైన ఆర్కిడ్ ముందే చేయించుకుంటే సబ్మిట్ చేసేటప్పుడు టెన్షన్ ఉండదు.

నెలలు గడిచాక మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్ళీ పంపమని మెయిల్ వచ్చింది. మొదటిసారి చదివితే మొత్తం పోయిందనిపిస్తుంది. నిజానికి అది మంచి కబురు, ఎడిటర్ తలుపు తెరిచే ఉంచారని అర్థం.

రెండో రివ్యూయర్ రాసినవి నాలుగు పేజీలు. ఆ మనిషి ఎవరో నాకెప్పటికీ తెలియదు గానీ, నా పరిశోధనని అంత శ్రద్ధగా చదివినవారు గైడు మేడమ్ తర్వాత వారే. నేను 1977 నాటి మోబ్లీ నమూనా మీద ఆధారపడ్డాను. ఉద్యోగంలో అసంతృప్తి పుట్టి, వేరే పని వెతికి, పోల్చుకుని, చివరికి మానేసే దాకా ఒక్కో మెట్టూ చెప్పే నమూనా అది. "మీ కార్మికులు నెలజీతం ఉద్యోగులు కారు, ఈ మెట్లు వాళ్ళకి సరిపోతాయా?" అని అడిగారు. 2001లో మిచెల్, ఆయన సహచరులు రాసిన జాబ్ ఎంబెడెడ్‌నెస్ వ్యాసం చూడమన్నారు. మనుషులు ఎందుకు మానేస్తారని కాకుండా ఎందుకు ఉండిపోతారని అడిగే వ్యాసం అది: తోటివాళ్ళతో సంబంధాలు, ఆ చోటుకి ఇమడటం, వదిలేస్తే పోగొట్టుకునేవి. చదువుతుంటే నా నోటు పుస్తకంలో ఉన్నదంతా దాంట్లోకి వచ్చి కూర్చుంది. మా ఆడవాళ్ళు జట్టుగా వస్తారు, జట్టుగా మారతారు. తీసుకున్న అడ్వాన్సు ఒక కట్టు, ఒకే ఆటోలో వచ్చే పొరుగింటి పిన్ని ఇంకో కట్టు. నా డేటా మారలేదు, దాన్ని చదివే పద్ధతి మారింది.

అదే రివ్యూయర్ ఇంకో చోట ఆగారు. ఐదు పాయింట్ల స్కేలు మీద అక్షరాలు రాని వాళ్ళని ఎలా అడిగారని. నేను మెథడాలజీలో ఒక్క వాక్యం రాశాను. జరిగింది ఇదీ. కటింగ్ సెక్షన్‌లో ఒకామె, పిక్క నూనె చేతులు కాల్చకుండా బూడిద పూసుకుని కూర్చుని, నా ప్రశ్నాపత్రం చూసి "ఏటమ్మా ఆ కాగితాలు, అడుగు, సెప్తాను" అంది. నేను ఐదు జీడి పిక్కలు వరసగా పెట్టి, అసలు ఒప్పుకోకపోతే ఒకటి తీయమనీ, పూర్తిగా ఒప్పుకుంటే ఐదూ తీయమనీ చెప్పాను. ఆమె మూడు తీసి, కాసేపాలోచించి నాలుగోది కూడా జరిపింది. తర్వాత అందరినీ అలాగే అడిగాను. రివ్యూయర్ దీన్ని ఒక పేరా నిండా రాయమన్నారు. ముందు కొద్దిమందితో చేసిన ట్రయల్, ప్రశ్నలని తెలుగులోకి మార్చి మళ్ళీ ఇంకొకరిచేత ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకున్న పద్ధతి, సంతకం పెట్టలేని వాళ్ళ దగ్గర నోటిమాటగా తీసుకున్న అంగీకారం, అన్నీ చేర్చాను. పేపర్‌కి అదే బలమైన భాగమైంది.

రెస్పాన్స్ లెటర్ పట్టికలా రాశాను: ఒక పక్క వాళ్ళ మాట ఒక్క అక్షరం మార్చకుండా, పక్కన నా జవాబు, ఏ పేజీ ఏ లైన్లో మార్చానో. అన్నిటికీ తలూపనక్కర్లేదు. కేరళలోని కొల్లం జీడి ఫ్యాక్టరీలతో పోల్చమని మొదటి రివ్యూయర్ అడిగారు. అక్కడ ప్రభుత్వ జీడి కార్పొరేషన్ ఉంది, బలమైన యూనియన్లున్నాయి, అది వేరే పరిశోధన అవుతుందని వినయంగా రాసి, ఆ పరిమితిని చివర్లో ఒప్పుకున్నాను. ఎడిటర్ ఒప్పుకున్నారు.

రెండో విడత చిన్న సవరణలతో యాక్సెప్ట్ అయింది. సిరిమాను పండగకి విజయనగరం అమ్మమ్మ ఇంట్లో ఉండగా, అచ్చుకి ముందు సరిచూసుకునే ప్రూఫ్ వచ్చింది, రెండు రోజుల్లో తిప్పి పంపమన్నారు. ప్రూఫ్‌లో కాశీబుగ్గ స్పెల్లింగ్, మేడమ్ ఇనీషియల్స్, పట్టికల్లో దశాంశాలు ఒక్కొక్కటీ చూసుకోవాలి, తర్వాత మార్చడం చాలా కష్టం. నా కవర్ లెటర్, రెస్పాన్స్ పట్టిక నమూనా డిపార్ట్‌మెంట్‌లో జూనియర్లకి ఇచ్చాను. బయట కాలేజీల వాళ్ళు అడిగినా ఇస్తాను.